పొగ త్రాగనివారి హక్కు

ఆహారాన్ని మనిషి తన ఇష్టానుసారం ఎంచుకోగలడు. నీటిని కాచి వడపోసి త్రాగవచ్చు. గాలి విషయంలో మాత్రం అటువంటి వీలు లేదు. ఒక గదిలో పదిమంది కూర్చున్నప్పుడు వారందరూ ఒకే గాలిని పంచుకొంటారు. వారిలో ఒకరు బీడీనో, చుట్టనో, సిగరెట్టునో వెలిగిస్తే, తక్కిన తొమ్మిదిమందీ ఆ పొగను కోరకుండానే పీల్చవలసి వస్తుంది. దీనినే పరోక్ష ధూమపానం అంటారు.

పొగలో ఏమున్నది?

పొగ త్రాగేవాడు పీల్చి వదిలే పొగ ఒకటి. రెండు దమ్ముల నడుమ, కాలుతున్న కొన నుండి దానంతట అదే వెలువడే పొగ మరొకటి. గదిని నింపే పొగలో అధిక భాగం ఈ రెండవదే. తక్కువ వేడిలో కాలడం వలన ఇందులో అనేక విషపదార్థాలు మరింత ఎక్కువ పాళ్ళలో ఉంటాయి. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉన్నట్లు, వాటిలో సుమారు 70 క్యాన్సరును కలిగించేవి అయినట్లు శాస్త్రజ్ఞులు గుర్తించారు.

ఈ విషయంలో 1981వ సంవత్సరం ఒక మైలురాయి. జపాను శాస్త్రజ్ఞుడు తకేషి హిరయామా పొగ త్రాగని 91,540 మంది వివాహిత స్త్రీలను 14 సంవత్సరాల పాటు పరిశీలించిన ఫలితాలను ఆ ఏడు ప్రకటించారు. భర్త అధికంగా పొగ త్రాగే ఇండ్లలో, తాము ఎన్నడూ పొగ త్రాగని భార్యలకు సైతం ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు హెచ్చుగా ఉన్నట్లు అందులో తేలింది. దీనిపై వాదోపవాదాలు చాలా జరిగాయి. అయితే తరువాతి పరిశోధనలు ఈ నిర్ణయాన్నే బలపరచాయి. పసిపిల్లలు పెద్దలకంటె వేగంగా శ్వాసిస్తారు. వారి ఊపిరితిత్తులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. అందువలన పొగ నిండిన ఇంట పెరిగే పిల్లలలో ఉబ్బసం, న్యుమోనియా, చెవి వ్యాధులు ఎక్కువ.

చట్టం నడచిన దారి

1989 నాటి రైల్వే చట్టంలో ఒక నిబంధన ఉన్నది. తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెప్పినట్లయితే పెట్టెలో పొగ త్రాగరాదని దాని సారాంశం. చూడడానికి ఇది న్యాయంగానే కనిపిస్తుంది. కాని అభ్యంతరం చెప్పవలసిన భారం ఎవరిపై పడింది? బాధకు గురి అయిన వారిపైనే. తల్లి ఒడిలోని బిడ్డ అభ్యంతరం చెప్పలేదు. ఒంటరిగా ప్రయాణించే స్త్రీ, వృద్ధుడు, రోగి అపరిచితులతో తగవు ఎందుకని ఊరకుంటారు.

ఈ భారాన్ని తొలగించడంలో కేరళ ముందడుగు వేసింది. బహిరంగ స్థలాలలో పొగ త్రాగడం ఇతరుల జీవించే హక్కుకు భంగకరమని, అనగా రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని, కేరళ హైకోర్టు 1999 జూలై 12న తీర్పు చెప్పింది. 2001 నవంబరు 2న సుప్రీంకోర్టు ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రజారవాణా వాహనాలలో ధూమపానాన్ని దేశమంతటా నిషేధించింది. 2003లో పార్లమెంటు సమగ్రమైన చట్టం చేసింది. 2008 అక్టోబరు 2 నుండి అమలులోకి వచ్చిన నియమాల ప్రకారం, అక్కడ పొగ త్రాగకుండా చూసే బాధ్యత ఆ స్థలపు యజమానికి లేదా అధికారికి కూడా ఉన్నది. ఒక రాష్ట్రంలో గుర్తింపు పొందిన హక్కు ఈ విధంగా పదేళ్ళ లోపుననే యావద్భారత ప్రజల హక్కు అయింది.

గడప దాటని చట్టం

అయితే ఈ చట్టం ఇంటి గడప దగ్గర ఆగిపోతుంది. 2009-10లో జరిగిన జాతీయ సర్వేలో 15 ఏళ్ళు నిండిన వారిలో 52 శాతం మంది ఇంటిలో ఇతరుల పొగకు గురి అవుతున్నట్లు తేలింది. 2016-17 నాటికి ఇది 39 శాతానికి తగ్గింది. తగ్గుదల సంతోషకరమే. కాని ఇంటిలో నేటికీ ఆ పాత రైలుపెట్టె నియమమే నడుస్తున్నది. అభ్యంతరం చెబితేనే ఆపుతారు. చెప్పవలసిన వారు చెప్పలేరు. తాతగారితోనో, మామగారితోనో "బయట కాల్చుకోండి" అనడం మన కుటుంబాలలో అమర్యాదగా భావించబడుతుంది. కోడలు, పసివాడు, గర్భిణి మౌనంగా పీలుస్తారు.

కిటికీ తెరిచినా, పంకా వేసినా, ప్రక్క గదిలోకి వెళ్ళినా ప్రమాదం తొలగదు. పొగ కణాలు గాలిలో గంటల కొలదిగా నిలిచి గది నుండి గదికి ప్రాకుతాయి. ఉన్న ఉపాయం ఒక్కటే: ఇంటి లోపల ఎవరూ, ఎప్పుడూ పొగ త్రాగరాదు. చెప్పులు విడిచి లోపలికి రావడం ఎట్లాగో, ఇదీ ఇంటి ఆచారం కావలెను. ఆచారమైన నాడు ఒకరు అడగడం, మరొకరు నొచ్చుకోవడం అనే ప్రసక్తి ఉండదు. అతిథి కూడా దానిని తనకు అవమానంగా భావించడు.

ఈ ఆచారాన్ని నెలకొల్పడంలో విద్యార్థుల పాత్ర పెద్దది. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు వస్తువుల విక్రయం నిషిద్ధమని వారు తెలుసుకోవలెను. మానదలచిన పెద్దలకు 1800-11-2356 అనే జాతీయ ఉచిత టెలిఫోను సేవ గురించి చెప్పవచ్చు. పొగ త్రాగే వ్యక్తిని ద్వేషించనక్కరలేదు. అతడూ ఆ వ్యసనానికి చిక్కినవాడే. అతడు మానేందుకు కొంత కాలం పట్టవచ్చు. కాని ఇంటిలోని బిడ్డకు నేటి నుండే శుభ్రమైన గాలి అందించడం అతని చేతిలోని పని.