కెమెరాకు కనబడని నీళ్లు: పవర్‌పాయింట్‌తో కదిలే బొమ్మల వీడియో

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ లాంటి వరి మండలంలో ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి)గా పనిచేసేవాళ్లకు తడి–పొడి పద్ధతి గురించి చెప్పడం ఎంత కష్టమో తెలుసు. పొలంలో ఎప్పుడూ నీళ్లు నిలబెట్టక్కర్లేదు, ఆరనిచ్చి మళ్లీ పెట్టండి అంటే రైతువేదికలో అందరూ తలూపుతారు. ఇంటికెళ్లాక మోటారు ఆన్ చేస్తారు. అందులో వాళ్ల తప్పేం లేదు. పైన ఆరినా కింద వేళ్ల దగ్గర నీళ్లున్నాయని మనం చెబుతున్నామే గానీ చూపించడం లేదు. ఫోన్ కెమెరాకు మట్టి పైభాగమే కనిపిస్తుంది. కింద ఏం జరుగుతోందో చూపించాలంటే బొమ్మ గీయాలి, ఆ బొమ్మ కదలాలి. దానికి హైదరాబాద్ స్టూడియోతో పనిలేదు. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న పవర్‌పాయింట్ చాలు.

టీచర్లు, ఏఎన్‌ఎంలు, మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో కొత్తవాళ్లకు పని నేర్పే సూపర్‌వైజర్లు ఎవరైనా సరే, మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఇది ఫోన్‌తో తీయగలిగిందేనా? అయితే తీసేయండి. నారు పీకడాన్ని బొమ్మలేసి చూపిస్తే నవ్వుతారు. గుండెలో రక్తం నడక, ట్రాన్స్‌ఫార్మర్ లోపల కరెంటు, మట్టి కింద నీళ్లు, బ్యాంకు వడ్డీ పెరిగే తీరు ఇలా కంటికి ఆననివాటికే యానిమేషన్ కావాలి.

తడి–పొడి బొమ్మనే గీసి చూద్దాం. నేల కింద నీటిమట్టం చూసేందుకు ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలంలో దించమని చెప్పే గొట్టం పొడవు 30 సెంటీమీటర్లు. దానికి కింది సగంలో చుట్టూ రంధ్రాలుంటాయి. 15 సెంటీమీటర్లు నేలలోకి దిగుతుంది, మిగతా 15 పైకి కనిపిస్తుంది. గొట్టంలో నీటిమట్టం నేల కింద 15 సెంటీమీటర్లకు దిగాక, పొలంలో 5 సెంటీమీటర్ల మేర మళ్లీ నీళ్లు పెట్టాలి. పూతకు వారం ముందు నుంచి పూత తర్వాత వారం దాకా మాత్రం ఆరనివ్వకూడదు. ఇలా చేస్తే 30 శాతం దాకా నీళ్లు ఆదా అవుతాయని ఆ సంస్థ చెబుతుంది.

పవర్‌పాయింట్ మామూలు స్లయిడ్ ఎత్తు 19 సెంటీమీటర్లు. కాబట్టి అన్నీ సగం కొలతలో గీయండి. గొట్టం 15, అందులో నేల కింద ఏడున్నర, పొలంలో నిలిచిన నీళ్లు రెండున్నర సెంటీమీటర్లు. కొలతలు నిజమైతే చూసేవాళ్లకు లెక్క దానంతటదే ఎక్కుతుంది. కింద ఒక గోధుమరంగు దీర్ఘచతురస్రం గీస్తే అదే నేల. మధ్యలో తెల్లటి గొట్టం, దాని పక్కల చిన్న చిన్న గుండ్రటి చుక్కలు. నీలం ముక్కలు రెండు వేరువేరుగా గీయాలి: పైన నిలిచిన నీళ్లు ఒకటి, గొట్టంలో నేల కింద ఉండే నీళ్లు ఒకటి. ఆల్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే సెలక్షన్ పేన్ వస్తుంది. అందులో ఒక్కోదానికీ పేరు పెట్టండి, లేకపోతే ‘రెక్టాంగిల్ 14’ ఏదో మీకే గుర్తుండదు.

ఇక కదలిక. యానిమేషన్స్‌లో ఎగ్జిట్ రకం కింద వైప్ ఎంచుకుని, దిశ ‘ఫ్రమ్ టాప్’ పెట్టండి. నీలం రంగు పైనుంచి తరిగిపోతుంది, నీళ్లు ఇంకుతున్నట్టే ఉంటుంది. మొదట పైనీళ్లు నాలుగు సెకన్లు, ఆ తర్వాత గొట్టంలో నీళ్లు ఐదు సెకన్లు. మళ్లీ నీళ్లు పెట్టడానికి ఎంట్రన్స్‌లో అదే వైప్, ఈసారి ‘ఫ్రమ్ బాటమ్’. అంతే. పాత వెర్షన్లలోనూ ఇది పనిచేస్తుంది. 2019 వెర్షన్ గానీ మైక్రోసాఫ్ట్ 365 గానీ ఉంటే ఇంకో దారి కూడా ఉంది. స్లయిడ్‌ను డూప్లికేట్ చేసి, రెండోదాంట్లో బొమ్మల చోటో సైజో మార్చి, ట్రాన్సిషన్‌గా మార్ఫ్ పెడితే మధ్య కదలికను సాఫ్ట్‌వేరే నింపుకుంటుంది. బౌన్స్, స్పిన్, ఎగిరొచ్చే అక్షరాలు మాత్రం వద్దు. అవి చూపును లాగేసుకుంటాయి, నీళ్లు ఎవరికీ కనబడవు.

చాలామంది తడబడేది ‘ఆన్ క్లిక్’ దగ్గర. వీడియోలో క్లిక్ చేసేవాళ్లెవరూ ఉండరు. అన్నింటినీ ‘ఆఫ్టర్ ప్రీవియస్’ లేదా ‘విత్ ప్రీవియస్’గా మార్చి, యానిమేషన్ పేన్‌లో వరస చూసుకోండి.

గొంతు విషయంలో నా అభిప్రాయం గట్టిది: రాసుకోకుండా మాట్లాడొద్దు. నిమిషం వీడియోకు నూరు మాటలు చాలు. ముందు కాగితం మీద రాసి, గొంతు రికార్డు చేసి, దాని నిడివిని బట్టి బొమ్మలు కదిలించాలి. బొమ్మలు ముందు చేసి, వాటికి మాటలు అతికించబోతే రెండూ చెడతాయి. రికార్డింగ్‌కు ఫోన్ చాలు, ఫ్యాన్ ఆపేస్తే సరి. టీవీ యాంకర్ తెలుగు అక్కర్లేదు. ‘నీటిపారుదల చేపట్టవలెను’ అని రేడియో పాఠంలా చదివితే మన పొలంలో మాటలా ఉండదు. ‘నీళ్లు పెట్టుకోండి’ అనండి. వెనక సంగీతం కావాలంటే యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచితంగా దొరుకుతుంది. సినిమా పాట పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చే ప్రమాదం ఉంది.

తెలుగు అక్షరాల సంగతి వేరే. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌తో టైపు చేయించిన మాటలు, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో పిచ్చిగీతలవుతాయి. యూనికోడ్‌లోనే టైపు చేయండి. విండోస్‌లో నిర్మల యూఐ ఫాంట్ ఎలాగూ ఉంటుంది. శీర్షికకు లావు అక్షరం కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర ఉచితం. అక్షరం తర్వాత అక్షరం వచ్చే యానిమేషన్ మన ఒత్తులకూ గుణింతాలకూ నప్పదు, మాట మొత్తం ఒక్కసారే రానివ్వండి. స్లయిడ్‌కు ఐదారు మాటలు మించితే అది వీడియో కాదు, సర్క్యులర్.

చివరగా ఫైల్, ఎక్స్‌పోర్ట్, క్రియేట్ ఎ వీడియో. 720పీ ఎంపీ4 చాలు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే మసకబారుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. పవర్‌పాయింట్‌ను డబ్బు పెట్టి కొనలేనివాళ్లు లిబ్రే ఆఫీస్ ఇంప్రెస్‌లో బొమ్మలు కదిలించి, ఓబీఎస్‌తో తెర రికార్డు చేసుకోవచ్చు. రెండూ ఉచితమే.

ఇది ఉద్యోగానికి ఎలా అక్కరకొస్తుంది? బయోడేటాలో ‘ఎంఎస్ ఆఫీస్ వచ్చు’ అని రాసుకునేవాళ్లు సూర్యాపేటలో వీధికి పదిమంది. ఆ వరస పక్కన నిమిషం వీడియో లింకు ఉన్నవాళ్లు అరుదు. ప్రైవేటు స్కూలుకైనా, కోదాడ విత్తనాల కంపెనీ ఏజెన్సీకైనా అప్లై చేస్తే, వాళ్ల పనిలోంచే ఒక ముక్క తీసుకుని వీడియో చేసి పంపండి. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్నవాళ్లు ఏడాదంతా పదేపదే చెప్పాల్సివచ్చే సంగతి ఒకటి ఎంచుకోండి. గొంతు నొప్పయినా తగ్గుతుంది.

ఒక జాగ్రత్త. వీడియో ఊరు దాటిపోయాక దాన్ని దిద్దలేం. మందుల మోతాదు లాంటి లెక్కలు సొంతంగా పెట్టొద్దు. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకో, పై అధికారికో ముందు చూపించండి. ఆ తర్వాత ఊళ్లో ఇద్దరు రైతులకు సౌండ్ తీసేసి చూపించి, ఏం అర్థమైందో అడగండి. వాళ్లు తప్పు చెబితే మీ గొంతును కాదు, బొమ్మను మార్చండి.