గోస్తనికి ఎదురుగా: కడలి నుంచి కొండకు



విశాఖపట్నం వైపు కడలినీ కొండనూ ఒకే యాత్రలో చూడదలచినవారికి గోస్తని నదిని మించిన మార్గదర్శి లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల సున్నపురాయిని దాటి, తాటిపూడి జలాశయాన్ని నింపి, భీమునిపట్నం దగ్గర బంగాళాఖాతంలో కలిసే ఈ నదికి ఎదురుగా సాగితే, మొదటి రాత్రి విడిది తీరాన, రెండవది అరకులో కుదురుతాయి.

విశాఖ నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లే కనుక ఎప్పుడు బయలుదేరినా పరవాలేదనుకోవడం కొత్తవారికి సహజం. అయితే శృంగవరపుకోట దాటాక మొదలయ్యే ఘాట్ రోడ్డు, అంటే కొండవాలును చుట్టుకుంటూ మలుపు మీద మలుపుగా ఎక్కే దారి, వేగాన్ని బాగా తగ్గిస్తుంది. పైగా డిసెంబరులో అక్కడ సాయంత్రం 5:30 ప్రాంతంలోనే సూర్యుడు అస్తమిస్తాడు. అందువల్ల గుడారం వేసే చోటికి నాలుగు గంటలకల్లా చేరాలని ముందు నిశ్చయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్కించి బయలుదేరే వేళను నిర్ణయించుకోవాలి. దూరం కన్నా వెలుతురే ఈ ప్రణాళికకు అసలైన కొలమానం. ఘాట్ ఎక్కేముందు పెట్రోలు శృంగవరపుకోటలోనే నింపుకోవడం మేలు.

భీమునిపట్నం దారిలోని తొట్లకొండ బౌద్ధారామాన్నీ, వేల ఏళ్లుగా గాలి, నీరు మలచిన ఎర్రమట్టి దిబ్బలనూ తీరికగా చూడవచ్చు గానీ, ఆ దిబ్బల మీద గుడారం వేయడం తగదు. ఆ మట్టి అడుగు పడితే రాలిపోతుంది. తీరాన గుడారానికి చోటు వెతికేవారు, పోటు నీరు ఒడ్డున వదిలిన నాచు, పుల్లల వరుసను గమనించి, దానికి బాగా పైన, స్థానికుల అనుమతితో వేసుకోవాలి. జనవరి నుంచి వేసవి తొలిరోజుల దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. దీపాల వెలుగు పిల్లలను సముద్రం వైపు కాక నేల వైపు లాగుతుంది కనుక, ఆ రోజుల్లో రాత్రి దీపాలు ఆర్పివేయడం యాత్రికుడి ధర్మం.

కొండమీద విషయం వేరు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి లోయ అడుగుకు దిగుతుంది. అందులోని తేమ పొగమంచుగా మారి అక్కడే పరచుకుంటుంది. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద నిలిచినవారికి తెల్లవారుజామున కాళ్ల కింద కనిపించే మేఘసముద్రం అలా ఏర్పడినదే. ఈ సంగతి తెలిసినవారు లోయ అడుగునా, వాగు ఒడ్డునా కాక, కాస్త ఎత్తైన చదునులో గుడారం వేస్తారు. గుడారాన్ని పూర్తిగా మూసివేస్తే ఊపిరిలోని తేమ లోపలి బట్టకు పట్టి, తెల్లారేసరికి బొట్లుబొట్లుగా పక్కబట్టల మీద రాలుతుంది. కాబట్టి పైభాగాన గాలి ఆడే సందు ఉంచాలి.

తిరుగు ప్రయాణంలో ఘాట్ రోడ్డు దిగేటప్పుడు అదేపనిగా బ్రేకు నొక్కితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. తక్కువ గేరులో ఉంచి ఇంజినే బండిని నిలువరించేలా దిగడాన్ని ఇంజిన్ బ్రేకింగ్ అంటారు. బండి ఏ గేరులో ఎక్కిందో ఆ గేరులోనే దిగడం మంచి పద్ధతి.

ఇక చలి ఎంత ఉన్నా నిప్పుల కుంపటిని గుడారంలోకి తేకూడదు. బొగ్గు నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన గానీ రంగు గానీ లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. కుంపటికి బదులు మరొక రగ్గు సామానులో చేర్చుకోవాలి.