వృక్ష హార్మోనులు – ఓషధుల సారం

ఢిల్లీలోని ధౌలా కువాన్ ప్రాంతం తెలుగువారికి పరిచితమైనదే. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల అక్కడనే కలదు. 1973లో ఆరంభమైన ఢిల్లీ విశ్వవిద్యాలయ దక్షిణ ప్రాంగణం 1984లో ఆ పొరుగుకే చేరినది. అక్కడి వృక్ష అణుజీవశాస్త్ర శాఖకు పునాది వేసినవారిలో సతీశ్ చంద్ర మహేశ్వరి ఒకరు. ఆయన, శిప్రా గుహ కలిసి 1964లో ఉమ్మెత్త పరాగకోశాలను పోషక యానకంలో పెంచి, పుప్పొడి నుండి ఏకస్థితిక పిండాలను పొందిన వార్త ప్రపంచమంతటా ప్రసిద్ధికెక్కినది. మొక్కలోని చిన్న భాగాన్ని గాజుపాత్రలో పెంచే ఈ కణజాల వర్ధన విద్యయే నేడు ఓషధుల సారాన్ని పెంచే ప్రయత్నాలకు ఆధారమైనది.

ఓషధిలో రోగాన్ని నయం చేసే పదార్థం మొక్క పెరుగుదలకు నేరుగా అవసరమైనది కాదు. అది పురుగులను, శిలీంధ్రాలను ఎదుర్కొనుటకు మొక్క సమకూర్చుకొన్న ఆయుధం. అందువలననే అది అత్యల్పంగా లభించును. మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు ఇందుకు నిదర్శనం. రక్త కాన్సరుకు వాడే విన్‌క్రిస్టిన్, మరికొన్ని కాన్సర్లకు వాడే విన్‌బ్లాస్టిన్ దాని ఆకులనుండియే వచ్చినవి. కాని ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్ కొరకు సుమారు 500 కిలోల ఎండుటాకులు కావలెను. రోగికి ఔషధం అందుబాటు ధరకు దొరకుట ఈ కొరతను తీర్చుటపై ఆధారపడి ఉన్నది.

ఆయుధాగారాన్ని తెరవుమని మొక్కకు ఆజ్ఞ ఇచ్చేది హార్మోను. పురుగు ఆకును కొరికిన వెంటనే కణాలలో జాస్మోనిక్ ఆమ్లం పెరుగును. అది రక్షణకు సంబంధించిన జన్యువులను మేల్కొల్పగా ఆల్కలాయిడ్ల తయారీ హెచ్చును. దీని సంబంధి మిథైల్ జాస్మొనేట్‌ను 1962లో జాజిపూల తైలం నుండి వేరుచేసిరి. దానిని కొద్ది మోతాదులో అందించినచో, పురుగు లేకుండానే మొక్క తన ఆయుధాలను సిద్ధం చేసికొనును. 1996లో జపాన్ శాస్త్రజ్ఞులు యూ వృక్షపు కణాలకు దీనిని ఇచ్చి, కాన్సరు ఔషధమైన టాక్సాల్ ఉత్పత్తిని గణనీయంగా పెంచగలిగిరి. బెరడు, ఆకుల కొరకు హిమాలయాలలోని యూ వృక్షాలను విచక్షణారహితంగా నరుకుట వలన 1995లో వాటి అంతర్జాతీయ వర్తకంపై నియంత్రణ విధించవలసి వచ్చినది. కనుక గాజుపాత్రలో లభించిన ప్రతి గ్రాము అడవిలో ఒక చెట్టుకు ఊరట కలిగించును.

అన్ని హార్మోనులు ఒకే ఫలితం ఇయ్యవు. రైతులు కలుపుమందుగా ఎరిగిన 2,4-డి, తక్కువ మోతాదులో ఆక్సిన్ వలె కణవిభజనను ప్రోత్సహించును. కాని బిళ్ళగన్నేరు కణాలలో ఆల్కలాయిడ్లను అణచివేయును. సైటోకైనిన్లు వాటిని పెంచుటకు తోడ్పడును. జాస్మొనేట్ సారాన్ని పెంచినను, మోతాదు మించినచో పెరుగుదలను కుంటుపరచును.

ఇక్కడ ఒక చిన్న లెక్క గమనింపదగినది. 100 గ్రాముల మొక్కలో సారం 1 శాతమైనచో లభించేది 1 గ్రాము. హార్మోను వలన సారం 1.5 శాతానికి పెరిగి, మొక్క బరువు 60 గ్రాములకు తగ్గినచో లభించేది 0.9 గ్రాము మాత్రమే. శాతం పెరిగినను రాబడి తగ్గినది. ఈ చిక్కును తొలగించుటకు శాస్త్రజ్ఞులు పనిని రెండు దశలుగా విభజించిరి. మొదట కణాలను విస్తారంగా పెంచుదురు. పిదప యానకాన్ని మార్చి సారం తయారీకి ప్రేరేపింతురు. 1983లో జపాన్‌లో షికోనిన్ అనే ఎర్రని పదార్థాన్ని పారిశ్రామిక స్థాయిలో తయారుచేసినది ఈ పద్ధతిననే.

పొలంలో పిచికారీ చేయుట ఇంత సులభం కాదు. ఎండ, నేల, మొక్క వయస్సు, కోత సమయం ఫలితాన్ని మార్చును. కనుక ఓషధులు సాగుచేసే రైతు ప్రయోగశాల సంఖ్యలను యథాతథంగా పొలానికి వర్తింపజేయరాదు. మొదట కొద్ది మొక్కలపై పరీక్షించి, వాటి పక్కనే మందు చల్లని మొక్కలను కూడా ఉంచి, ఎండు బరువును, సారం శాతాన్ని రెంటినీ పోల్చవలెను. లక్నో కేంద్రంగా గల కేంద్ర ఓషధి, సుగంధ మొక్కల సంస్థకు హైదరాబాదులోను పరిశోధనా కేంద్రం కలదు. సలహాకు తెలుగు రైతులు దానిని ఆశ్రయింపవచ్చును. ఢిల్లీ ప్రయోగశాలలో తేలిన సత్యం తెలుగునాట రైతు పొలానికి, అక్కడి పంట దేశంలోని ఏ మూలనున్న రోగికైనను చేరినపుడే ఈ విద్య సార్థకమగును.