‘గే’ తుఫాను: సీక్రెస్ట్ నుంచి కావలి దాకా

1989 నవంబరులో నెల్లూరు జిల్లా కావలి సమీపంలో తీరం దాటిన ‘గే’ తుఫాను బంగాళాఖాతంలో పుట్టింది కాదు. థాయ్‌లాండ్ సింధుశాఖలో మొదలై, సన్నని మలయ్ ద్వీపకల్పాన్ని దాటి, ఇటువైపు మళ్లీ బలం పుంజుకుని వచ్చింది. దారిలోనే అది ఒక గ్యాస్ క్షేత్రంలో పనిచేస్తున్న 91 మందిని బలిగొంది.

నవంబరు 3న సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడ తలకిందులైంది. అందులోని 97 మందిలో బతికినవారు ఆరుగురే. ఇలాంటి ఓడ మధ్యలో ఎత్తయిన డెరిక్ ఉంటుంది. అందులో నిలబెట్టిన ఉక్కు గొట్టాల బరువు వల్ల గరిమనాభి పైకి జరుగుతుంది. అది ఎంత పైకి వెళితే, ఒరిగిన ఓడ తిరిగి నిటారుగా నిలిచే శక్తి అంత తగ్గుతుంది. గాలి వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలవుతుందన్నది మరో చిక్కు.

సింధుశాఖలో తుఫాను రెండు మూడు రోజుల్లోనే ముదిరింది. కావలికి చేరడానికి మరో అయిదు రోజులు పట్టింది. అప్పటికి మరింత బలపడినా ఆంధ్రప్రదేశ్‌లో మృతుల సంఖ్య 70 లోపే ఉంది. ఆ వ్యవధి విలువ తక్కువది కాదు.

అయితే వ్యవధి ఉంటే చాలదు. 2021 మేలో తౌక్టే తుఫాను గురించి వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. అయినా ముంబయి తీరానికి దూరంగా, 261 మందితో పీ-305 బార్జి సముద్రంలోనే ఉండిపోయింది. లంగర్లు తెగి కొట్టుకుపోయి, మే 17న మునిగింది. 70 మందికి పైగా మరణించారు. ఆ బార్జికి సొంత ఇంజిను లేదు. టగ్ లాగితేనే కదులుతుంది. అలలు లేచాక టగ్ దగ్గరికి రావడమే కష్టం.