సైకిలు బాటసారియు దుడుకు డ్రైవరును

విద్యార్థులారా! మీలో పెక్కుమంది అనుదినమును సైకిళ్లమీద బడికి వచ్చుచున్నారు. మన భట్టిప్రోలు ప్రాంతము కృష్ణా పశ్చిమ డెల్టాలోనిది గనుక ఇచ్చటి బాటలు పెక్కుచోట్ల కాలువ వెంబడి సాగును. ఒకప్రక్క నీరు, మరియొకప్రక్క పల్లపు చేను. తప్పుకొనుటకు చోటు స్వల్పము. కోతల కాలమున వరిగడ్డి ట్రాక్టర్లు బాట వెడల్పంతయు ఆక్రమించును. ఇట్టిచోట దుడుకు డ్రైవరు ఎదురైనయెడల ఏమి చేయవలెనో, ముందుగా నా తప్పిదమును చెప్పి పిమ్మట వివరించెదను.

కొన్నియేండ్ల క్రిందట సాయంకాలమున ఇంటికి పోవుచుండగా ఒక లారీ హారను విడువక మ్రోగించుచు నా మోచేతికి జానెడు దూరమున దాటిపోయెను. నేను గట్టుమీద పడితిని. దెబ్బ స్వల్పమే గాని కోపము స్వల్పము కాదు. లేచి, పెడళ్లు గట్టిగా త్రొక్కి వెంబడించితిని. రైలుగేటు వేసియుండుటచే లారీ ఆగియుండెను. దాని ఎడమప్రక్కకు పోయి తలుపు బాదితిని. డ్రైవరు తిట్టెను, బడిపంతులనైన నేనును తిట్టితిని. ఇంతలో గేటు తెరచిరి. వాదించుచు ప్రక్కనే సాగితిని. గేటు దాటగనే లారీ ఎడమకు మరలెను. వెనుకచక్రము సైకిలు మడ్‌గార్డును నలిపివేసెను. సైకిలును విడిచి దూకితిని గనుక బ్రదికితిని.

పొడవైన బండి మలుపు తిరుగునపుడు వెనుకచక్రములు ముందుచక్రముల జాడలో రాక, మలుపు లోపలివైపునకు జరిగివచ్చును. ఎడమ తలుపుక్రింద నున్నవాడు డ్రైవరునకు కానరాడు. మొదట నన్ను గట్టుమీదికి నెట్టినది అతని దుడుకుతనము. ఆ చక్రముక్రిందికి నడిపించినది నా కోపము.

కనుక వెనుక హారను వినబడినపుడు తటాలున తిరిగి చూడకుడు. తల తిరిగిన వైపునకే హేండిలును తిరుగును. ఎడమగా, తిన్నగా పొండు. అయితే మెత్తని గట్టు అంచునకు పోరాదు; మూరెడు నేల విడువవలెను. చోటు చాలదని తోచిన దిగి నిలువుడు. దిగుట పిరికితనమని కొందరు కుఱ్ఱలు నవ్వుదురు, నవ్వనిండు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున వచ్చు బండి సెకనుకు 16 మీటర్లకు మించి సాగును. 30 కిలోమీటర్ల వేగమున ఆగుటకు బ్రేకులకు ఎంత దూరము పట్టునో, 60లో దానికి నాలుగింతలు పట్టును. డ్రైవరు మంచివాడైనను ఈ లెక్క మారదు.

అతడు తిట్టినను మారు పలుకకుడు, వెంబడింపకుడు. బండి నంబరు, రంగు, చోటు, వేళ వెంటనే వ్రాసికొనుడు. అపాయము కలిగినచో 112కు ఫోను చేయవచ్చును. పిమ్మట పెద్దలతో పోలీసు స్టేషనుకు పోయి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేయవలెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 184వ సెక్షను అపాయకరముగా బండి నడుపుటను నేరముగా నెంచుచున్నది. 2019 సవరణ ననుసరించి మొదటి తప్పునకే 6 నెలలనుండి సంవత్సరమువరకు ఖైదు, లేదా 1,000 మొదలు 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును విధింపవచ్చును. గాయపడినవానికి వైద్యసహాయము కలుగునట్లు చూచుట డ్రైవరు విధియని 134వ సెక్షను చెప్పుచున్నది.

ఆనాడు నేనును ఫిర్యాదు వ్రాయుటకు కూర్చుంటిని. అంతసేపు తలుపు బాదియు లారీ నంబరు చూడనే లేదు. కాగితము సగములోనే నిలిచిపోయెను. ఇప్పుడు నా సైకిలు సంచిలో పెన్సిలు ముక్కయొకటి ఎల్లప్పుడు నుండును.