ప్రశ్నలు - జవాబులు: ఇంటర్న్‌షిప్పు

ప్రశ్న: మా డిగ్రీ కళాశాల నుండి ఇంటర్న్‌షిప్పునకు వెళ్ళిన కామర్సు విద్యార్థులలో పలువురు ఒక సర్టిఫికెట్టును, ఒకరి నుండి ఒకరు ఎత్తి వ్రాసికొన్న నివేదికను మాత్రమే తెచ్చుచున్నారు. మార్గదర్శకుడనైన నేను చేయదగినదేమి?
— ఒక అధ్యాపకుడు, తెనాలి

జవాబు: విద్యార్థులపై తప్పు మోపుటకు ముందు, వారిని ఏ పని నేర్చుటకు పంపితిమో ఆ సంస్థవారికి గాని, వారికి గాని, తుదకు మనకు గాని స్పష్టముగా తెలిసియుండెనా యని విచారింపవలసియున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుండి మూడేండ్ల డిగ్రీ యందు పది నెలల ఇంటర్న్‌షిప్పు నిర్బంధమైన పిమ్మట, అందరికిని చోటు వెదకుటయే మహాకార్యమై, అచ్చట నేర్వవలసినదేమను చింత వెనుకబడినది.

కావున మీరు సెలవులకు ముందే విద్యార్థి చేరబోవు చోటునకు, ఉదాహరణకు ఒక ఆడిటరు కార్యాలయమునకు, స్వయముగా పోయి, మొదట వోచర్లు అమర్చుట, తరువాత వానిని ట్యాలీలో ఎక్కించుట, ఆపై కొనుగోలు బిల్లులను, అమ్మినవారి రిటర్నుల నుండి ఏర్పడు జీఎస్టీఆర్-2బీ పట్టికతో సరిచూచుట అని పనిని మెట్లు మెట్లుగా నిర్ణయించి, ఆ కాగితముపై మీరు, ఆడిటరు, విద్యార్థి ముగ్గురును సంతకములు చేయుడు. పిదప ప్రతి పక్షమునకు ఒకమారైనను వెళ్ళి లాగ్‌బుక్కు చూడుడు. “ఈ దినము ట్యాలీ చేసితిని” అని ముప్పది దినములు వ్రాసినవానికి మార్కులు వేయుట దానధర్మమే యగును. “ఒక వర్తకుని బిల్లు 2బీలో కానరాలేదు, ఫోను చేయగా అతడింకను రిటర్ను వేయలేదని తెలిసినది” అని వ్రాసినవాడు, ఆ ఒక్క వాక్యముతోనే తాను నేర్చిన దానిని చూపినవాడు. వైవా యందును ఇట్టి చిక్కులను గూర్చియే అడుగుడు; ఎత్తి వ్రాసినవాడు అచ్చటనే తడబడును.

అధ్యాపకుడు పనిచోటికి పోవుట క్రొత్త సంగతి కాదు: పిలానీలోని బిట్స్ విద్యాసంస్థ వారు 1970ల నుండి నడుపుచున్న ప్రాక్టీస్ స్కూలు అను ఇంటర్న్‌షిప్పు పద్ధతి యందు అధ్యాపకుడు కూడ పనిచోటనే మెలగుట దాని బలము. మన వ్యవసాయ కళాశాలల రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమము) విద్యార్థులు సైతము పల్లెలో రైతు వెంట పైరును చూచుచు నేర్తురు. మీ కళాశాల యాజమాన్యము మీ పర్యటనలకు ఇతర తరగతుల భారము తగ్గింపనిచో పైన చెప్పినవన్నియు కాగితముపైనే మిగులును; ఆ సంగతి ప్రిన్సిపాలుగారితో ముందే తేల్చుకొనుడు.

ప్రశ్న: నేను చేరిన చోట జెరాక్సులు తీయుటయే పని. మానివేయుదునా?
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: అమ్మాయీ, వారము దినములు ఓర్చి, ఆ కాగితము లేమిటో, ఎవరికి పోవుచున్నవో అడిగి తెలిసికొనుము. అప్పటికిని మార్పు లేనిచో మీ అధ్యాపకునికి వ్రాతమూలముగా తెలిపి చోటు మార్చుకొనుము. సర్టిఫికెట్టు కొరకు మాత్రము ఎవ్వరికిని రూపాయి చెల్లింపవలదు.