బూడిద ఒకటే, నేలలు వేరు

తొమ్మిదో తరగతిలో అగ్నిపర్వతాల పాఠం చెబుతుండగా ఒక అమ్మాయి లేచి ఇలా అడిగింది:

"సార్, మా అవ్వ పొయ్యిలో బూడిద తెచ్చి బీరపాదుకు వేస్తుంది. పాదు బాగా కాస్తుంది. అగ్నిపర్వతం పేలితే ఊళ్లకు ఊళ్లే బూడిదతో నిండిపోతాయి గదా! అక్కడ పంటలు ఇంకా బాగా పండాలి గదా సార్?"

"పండుతాయి" అనేశాను. గంట కొట్టిన తర్వాత ఆలోచిస్తే, నేను చెప్పింది సగమే నిజమని తోచింది. మిగతా సగం ఇప్పుడు చెబుతాను.

ఇది పొయ్యిలో బూడిద కాదు

కట్టె కాలగా మిగిలేది పొయ్యి బూడిద. చెట్టు నేలలోంచి పీల్చుకున్న పొటాషియం, కాల్షియం వంటివి అందులో ఉంటాయి. వాటిలో పొటాషియం నీళ్లలో కరిగి త్వరగా వేళ్లకు అందుతుంది. అవ్వ చేసే పని సరైనదే.

అగ్నిపర్వతం బూడిద ఏదీ కాలగా మిగిలింది కాదు. భూమి లోపల కరిగి ఉన్న రాతిద్రవం పైకి వచ్చేటప్పుడు, అందులో ఇమిడి ఉన్న నీటి ఆవిరి, వాయువులు ఒక్కసారిగా పొంగుతాయి. సోడా సీసాను కుదిపి మూత తీస్తే ఏమవుతుందో మీకు తెలుసు. రాతిద్రవం కూడా అలాగే తుంపరలై చిమ్ముతుంది. ఆ తుంపరలు గాలిలో చటుక్కున చల్లారతాయి. స్ఫటికాలు ఏర్పడడానికి వ్యవధి ఉండదు కాబట్టి గాజుగా మారతాయి. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ బూడిద పగిలిన గాజు పెంకుల్లా కనిపిస్తుంది.

మొక్కకు కావలసిన ఖనిజాలు ఆ గాజులో బందీలై ఉంటాయి. నీరు, గాలి, చలి, వేడి, వేళ్లు, సూక్ష్మజీవులు కలిసి గాజును కొంచెం కొంచెంగా విడగొట్టాలి. దీనినే శైథిల్యం అంటారు. అప్పుడే బూడిద నేల అవుతుంది. అయితే ఎలాంటి నేల అవుతుందన్నది అది పడిన చోటును బట్టి ఉంటుంది.

మన సీమలో పడిన బూడిద

రాయలసీమలో అగ్నిపర్వతం బూడిద ఏమిటి అనుకుంటున్నారా? నంద్యాల జిల్లాలో (2022 వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది) జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేలను తవ్వితే తెల్లని బూడిద పొర బయటపడుతుంది. అది ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న టోబా అగ్నిపర్వతం నుంచి, సుమారు 74,000 సంవత్సరాల క్రితం, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణం చేసి వచ్చింది. అగ్నిపర్వతం కూలిన గుంటలో ఇప్పుడు దాదాపు 100 కిలోమీటర్ల పొడవైన సరస్సు ఉంది.

జ్వాలాపురంలో ఆకాశం నుంచి పడిన బూడిద కొన్ని సెంటీమీటర్లే. తర్వాత చుట్టుపక్కల మెరకల మీది బూడిద కూడా కొట్టుకువచ్చి పల్లంలో చేరింది. అందువల్ల కొన్నిచోట్ల పొర రెండు మీటర్లకు మించింది. దాని మీద మళ్లీ మట్టి పేరుకుని బూడిద పూడిపోయింది. పైగా అది వర్షాలు తక్కువగా ఉండే సీమ. నీరు ధారాళంగా దిగకపోతే గాజు సరిగా శిథిలం కాదు. కాబట్టి అక్కడి బూడిద ఒక పొరగా మిగిలిపోయింది గాని, ప్రత్యేకమైన నేలగా మారలేదు.

చలికొండల పాదాల వద్ద

ఇప్పుడు అమెరికా వాయవ్య భాగానికి పోదాం. సుమారు 7,700 సంవత్సరాల క్రితం అక్కడ మజామా అనే అగ్నిపర్వతం పేలి కూలిపోయింది. ఆ గుంటలో ఏర్పడినదే 594 మీటర్ల లోతుగల క్రేటర్ సరస్సు. దాని బూడిద దాదాపు ఏడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న ఉత్తర ఐడహో కొండల మీద కూడా పడింది.

అక్కడ చలికాలమంతా మంచు, వసంతంలో మంచు కరిగిన నీరు, వేసవిలో చాలా తక్కువ వాన. ఏటవాలు మీద పడిన బూడిద కొంత జారి, కొంత కొట్టుకువచ్చి కొండపాదం వద్ద చేరింది. ఎండ తగలని ఉత్తరపు వాలులో తేమ, చెట్లు ఎక్కువ కాబట్టి అక్కడ బూడిద బాగా నిలిచింది. ఎండ తగిలే దక్షిణపు వాలులో చాలావరకు కొట్టుకుపోయింది. నిలిచిన చోట ఈనాటికీ జానెడు నుంచి మూరెడు మందాన ఆ పొర కనిపిస్తుంది. ఆ నేలల లక్షణాలు చూడండి.

ఒకటి, తేలిక. మన ఎర్రనేల ఒక ఘనసెంటీమీటరు ఎండిన తర్వాత సుమారు ఒకటిన్నర గ్రాములు తూగుతుంది. బూడిద నేల 0.9 గ్రాములకు మించదు.

రెండు, నీటిని పట్టి ఉంచే గుణం. గాజు శిథిలమైనప్పుడు అల్లోఫేన్ అనే పదార్థం ఏర్పడుతుంది. దాని రేణువులు లోపల డొల్లగా ఉండే బంతులు. మిల్లీమీటరును రెండు లక్షల భాగాలు చేస్తే ఒక్కో బంతి సుమారు ఒక భాగమంత ఉంటుంది. అలాంటి నేల స్పంజిలా నీటిని దాచుకుంటుంది. వేసవిలో అక్కడి దేవదారు జాతి చెట్లను బతికించేది మంచు కరిగినప్పుడు నేల దాచుకున్న నీరే.

మూడు, నల్లదనం. చలిలో ఆకులు, వేళ్లు నెమ్మదిగా కుళ్లుతాయి. ఆ సేంద్రియ పదార్థాన్ని నేలలోని అల్యూమినియం గట్టిగా పట్టుకుంటుంది. జపానులో ఇలాంటి నేలలు బాగా నల్లగా ఉంటాయి. శాస్త్రజ్ఞులు ఈ జాతి నేలలకు పెట్టిన ఆండోసాల్ అనే పేరు కూడా జపాను భాషలో 'నల్ల మన్ను' అనే అర్థం వచ్చే మాటల నుంచే పుట్టింది. అయితే చలి ఎక్కువైన చోట శైథిల్యం కూడా మందగిస్తుంది. అందుకే ఐడహో నేలల్లో ఇంకా చాలా గాజు అలాగే మిగిలి ఉంది.

నాలుగు, ఒక లోపం. మొక్కకు అత్యవసరమైన భాస్వరాన్ని ఈ నేలలోని అల్యూమినియం, ఇనుము పట్టి బంధిస్తాయి. రైతు సూపర్ ఫాస్ఫేట్ వేసినా చాలా భాగం పైరుకు అందదు. నేల నల్లగా, మెత్తగా ఉన్నా పైరు భాస్వరం కోసం అలమటిస్తుంది. నేను తొందరపడి "పండుతాయి" అన్నప్పుడు మరచిన సగం ఇదే.

పోతే మళ్లీ రాదు

ఈ నేల ఎంత మెత్తనో అంత సున్నితం. అడవిలో దుంగలు లాగే బరువైన యంత్రాలు దాని మీద తిరిగితే ఖాళీలు మూసుకుపోయి గట్టిపడుతుంది. చెట్లు పోయి వాలు బోసిపోతే వాననీరు దాన్ని కోసుకుపోతుంది. ఎర్రనేల కింద ఉన్న రాయి శిథిలమై, ఎంత నెమ్మదిగానైనా, కొత్త మన్ను ఇస్తుంది. బూడిద పొర అడుగున బూడిద లేదు. అది పైనుంచి వచ్చినది. ఇంకొక అగ్నిపర్వతం పేలితే తప్ప తిరిగి రాదు.

మన జ్వాలాపురం పొర సంగతీ అంతే. పాత్రలు తోమే పొడుల కోసం అక్కడ బూడిదను తవ్వి తీశారు. ఆ తవ్వకాలవల్లే పొర చాలాచోట్ల కంటపడింది, అందులో చాలా భాగం పోయింది కూడా. అక్కడ పరిశోధించిన రవి కొరిశెట్టర్, మైకేల్ పెట్రాగ్లియా మొదలైన శాస్త్రజ్ఞులకు బూడిద కిందా, బూడిద పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. 2007లో వారు ఈ విషయం ప్రకటించారు. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఆ లోయలో మనుషులు బతికారని వారు భావించారు. పొర చెదరకుండా ఉన్నచోటనే ఏది కింద ఉంది, ఏది పైన ఉంది అని చెప్పగలం. తవ్విపోసిన కుప్పలో ఆ సాక్ష్యం ఉండదు.

చేసి చూడండి

మన ఊళ్లో బూడిద నేల లేకపోయినా, కొండపాదం నేలను పరీక్షించవచ్చు. మా కార్వేటినగరం పిల్లల్లాగే మీకూ గుట్టలు, చెరువులు దగ్గరే గదా!

1. గుట్ట మీద, గుట్ట పాదం వద్ద, చెరువు ఒండ్రులో మూడు చోట్ల మట్టి తీసి, రాళ్లు ఏరి, మూడు రోజులు ఎండబెట్టండి.

2. ఒకే డబ్బాతో తలకట్టుగా కొలిచి ఒక్కొక్కటి తూచండి. ఏది తేలికో రాసుకోండి.

3. గరాటులో పలుచని గుడ్డ వేసి 100 గ్రాముల మట్టి పోయండి. 100 మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా పోసి, కిందికి కారినవి కొలవండి. 100 లోంచి ఆ అంకె తీసివేస్తే మట్టి పట్టుకున్న నీరు తెలుస్తుంది.

గుట్ట మీది మట్టికీ పాదం వద్ద మట్టికీ తేడా కనిపిస్తే, కారణమేమిటో మీరే ఆలోచించండి. రెండూ ఒకే రాతి బిడ్డలు కావచ్చు గదా!

మరునాడు ఆ అమ్మాయిని పిలిచి, "నిన్న నేను చెప్పిన జవాబు సరిదిద్దుకోవాలి. బూడిద పడితే చాలదు. అది ఏ చోట పడింది, అక్కడ నీరెంత, చలి ఎంత, వాలు ఎంత, ఎంతకాలమైంది, ఇవన్నీ చూడాలి" అన్నాను.

"అయితే మా అవ్వ బూడిద?" అంది.

"అది మానవద్దని చెప్పు. కానీ ఒకేచోట కుప్ప పోయకుండా, కొంచెం కొంచెంగా చల్లమను" అన్నాను.